గిన్నె ఎండేలోపు

చెంచా బరువుగా తగిలింది. పొద్దున పిల్లల పరీక్షకి పొడులు కలుపుతూ ఉప్పు సీసాలో చెంచా ముంచి పైకెత్తినప్పుడు, ఉప్పుకి ఉండాల్సిన దానికన్నా ఒక పిసరు ఎక్కువే బరువు. అప్పుడు చెయ్యి గమనించింది, తలకి చెప్పలేదు. తలకి తీరిక ఎక్కడిది, ఒక పక్క బెల్లు మోగుతోంది, ఇంకో పక్క బయటినుంచి వచ్చిన పరిశీలకుడు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుంటున్నాడు. ఇప్పుడు, లేబొరేటరీ వెనక గోడకి ఆనించిన ఎత్తు స్టూలు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కెమిస్ట్రీ మేడమ్‌కి ఆ బరువు కుడి మణికట్టులోకి తిరిగొచ్చింది. ఊరికే ఉన్న చెయ్యి కదా, అందుకే గుర్తొచ్చిందేమో అనుకుంది. కాదేమో అనుకుంది. ఎదురుగా పొడుగాటి బల్లల వెంట తన క్లాసు పిల్లలంతా తలలు వంచుకుని పని చేసుకుంటున్నారు. ఒక్కొక్కరి ముందూ ఒక కాగితం పొట్లం: ఇనుప రజను, నవసాగరం, ఇసుక, ఉప్పు, అన్నీ కలిపేసిన బూడిదరంగు పొడి. విడదీసి చూపించాలి. అదే పరీక్ష. అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి పొడి మీద తిప్పుతున్నారు, ఇనుప రజను మీసాల్లా లేచి అంటుకుంటోంది. గడియారం వైపు చూడాల్సిన పని లేదు. ముందు ఇనుము పోతుంది, తరవాత వేడికి నవసాగరం ఆవిరై గరాటుకి అంటుకుంటుంది, మిగిలింది నీళ్లలో కలిపితే ఇసుక అడుగున ఉండిపోతుంది, వడపోస్తే ఉప్పునీళ్లు, ఆ నీళ్లు పింగాణీ గిన్నెలో ఎండితే ఉప్పు. ఆ తరవాత? ఆ తరవాత వాళ్లేం చేస్తారో మేడమ్‌కి బాగా తెలుసు.

రుచి చూస్తారు. తనే నేర్పింది.

రుచి సంగతి తరవాత, ముందు సీసా సంగతి. నెమ్మదిగా ఆలోచించాలి, తెలిసింది ఒక పక్కకి, భయం ఒక పక్కకి తియ్యాలి, ఇన్నేళ్లుగా పిల్లలకి చెప్పేది అదే కదా, మిశ్రమంలో ఏదీ తన గుణం పోగొట్టుకోదు, ఓపిక ఉంటే దేన్నయినా విడదీయొచ్చు. తెలిసింది ఏమిటి? స్టోర్ రూమ్‌కి సున్నాలు వేశారు. సీసాలన్నీ వరండాలో పెట్టి, గోడలు ఆరాక మళ్లీ సర్దారు. కింది అరలు తను సర్దింది. పై అర సగంలో ఉండగా క్లాసుకి బెల్లయింది. అటెండరు చేతుల్లో రెండు సీసాలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు, రెండూ ఒకలాంటివే, పొట్టివి, గోధుమరంగు గాజువి, నల్లమూతలవి, ఆమ్లాల పొగకి కాగితాలు మాడిపోయి అక్షరం ముక్క కనబడనివి. "ఇవెక్కడ పెట్టమంటారమ్మా?" అన్నాడు. "పై అరలోనే, పక్కపక్కన," అంది తను, అప్పటికే మెట్లు దిగుతూ. పక్కపక్కన, సరే. ఏది ఎడమన, ఏది కుడిన? కొత్త కాగితాలు అంటించాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటోంది. అంటించలేదు, ఎందుకంటే అవసరం పడలేదు, కళ్లు మూసుకున్నా చెయ్యి సరైన సీసా మీదికే పోతుంది, కిటికీ వైపున్నది ఉప్పు, గోడ వైపున్నది బేరియం క్లోరైడ్, విషం. తన చెయ్యి చోటుని గుర్తుపెట్టుకుంటుంది, సీసాని కాదు. పొద్దున కూడా కిటికీ వైపుకే పోయింది. చెంచా బరువుగా తగిలింది. పొడి కూడా రేకుల్లా మెరిసిందా? ఉప్పైతే చిన్నచిన్న పాచికల్లా ఉంటుంది. మెరిసిందేమో. ఇదిగో, ఈ మెరుపు తెలిసినదా, భయంలోంచి ఇప్పుడు పుట్టిందా?

"ఒరేయ్, నీ పొగ నా ముక్కులోకొస్తోంది, గరాటు సరిగ్గా బోర్లించు," అని ఒక గుసగుస. "నీ ముక్కు అడ్డంగా ఉంటే నేనేం చెయ్యను," అని ఇంకో గుసగుస. నవ్వులు. పరిశీలకుడు తలెత్తాడు, నవ్వులు ఆగిపోయాయి. పిల్లలు ఆయనకి గంటలోపే పేరు పెట్టేశారు, తాళంకప్ప అని. వచ్చీ రాగానే స్టోర్ రూమ్ మూయించి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఈ రోజు పనికి ఆమ్లాలూ గీమ్లాలూ అక్కర్లేదు కాబట్టి అవన్నీ కూడా లోపలే. ఆయనది లెక్కల సబ్జెక్టు, కెమిస్ట్రీ ఎప్పుడో చదివి వదిలేశానని తనే చెప్పాడు, నిబంధనలు మాత్రం వదిలెయ్యలేదు. "ఈ గదిలో మీ బంధువులెవరైనా ఉన్నారా మేడమ్?" అన్నాడు. "మా అక్క కూతురుంది సార్, కిటికీ పక్క బల్ల." "అయితే మీరు ఆ వెనక స్టూలు మీద కూర్చోండి. పరీక్ష అయ్యేదాకా పిల్లలతో మాట వద్దు, సైగ వద్దు. మిమ్మల్ని అనుమానించి కాదు. పోయినసారి ఇంకో బళ్లో ఒక మాస్టారు దగ్గుతూ జవాబులు చెప్పాడు." ఏదైనా తేడా వస్తే క్లాసు మొత్తం పరీక్ష రద్దు. మొత్తం అంటే మొత్తం.

ఆమె లేచి ఆయన బల్ల దాకా వెళ్లింది. ఎంత మామూలుగా నడిచినా చెప్పులు చప్పుడు చేశాయి. "సార్, స్టోర్ రూమ్ తాళం ఒక్కసారి ఇస్తారా? ఒక సీసా చూడాలి." "ఏ సీసా?" "ఉప్పు సీసా." ఆయన కళ్లజోడు పైనుంచి చూశాడు. "ఉప్పులో చూసేదేముంది మేడమ్? పరీక్ష అయ్యాక తీరిగ్గా చూసుకోండి." అసలు మాట అప్పుడే అనేయాల్సింది. పెదవుల దాకా వచ్చింది. అనేస్తే పొయ్యిలన్నీ ఆరిపోతాయి, పొట్లాలన్నీ చెత్తబుట్టలోకి పోతాయి, ఏడాది కష్టం, ఆ పిల్లల ముఖాలు, ఆపైన నిజంగా అది ఉప్పే అయితే? అక్క కూతురికి పని కుదరక పిన్ని పరీక్ష చెడగొట్టిందంటారు. "సరే సార్," అని వెనక్కొచ్చి కూర్చుంది.

ఇంకోటి ఉంది. పైకి అనుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, అది కూడా ఉంది. సైరన్ మేడమ్ అని తనకి పడ్డ పేరు. రెండేళ్లవుతోందేమో, వరండాలో వాసన వచ్చింది, కుళ్లిన గుడ్డు వాసన, హైడ్రోజన్ సల్ఫైడ్ అని ఆమె ముక్కు ఖాయంగా చెప్పింది, బడి మొత్తం ఖాళీ చేయించింది, చిన్నపిల్లల్ని చంకన వేసుకుని ఆయాలు పరిగెత్తారు, అగ్నిమాపకం వాళ్లు వచ్చారు, వచ్చి వరండా చివర ఎవరో మర్చిపోయిన టిఫిన్ డబ్బా తెరిచారు. అందులో ఉన్నది కుళ్లిన గుడ్డే. వాళ్ల పెద్దాయన ఆ డబ్బాని చెయ్యి చాచి పట్టుకుని, "మేడమ్, దీన్ని అరెస్టు చేయమంటారా?" అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె దగ్గినా స్టాఫ్ రూమ్‌లో ఎవరో ఒకరు లేచి నిలబడి "పరిగెత్తమంటారా?" అంటారు. హెడ్ మిస్ట్రెస్ మాత్రం నవ్వలేదు. "ఇంకొకసారి కేక పెట్టేముందు ఖాయం చేసుకోండి. మీకు భయమెక్కువ," అంది. ఖాయం చేసుకోవాలి. ఎలా? ఒక్క చుక్క సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటే చాలు, ఉప్పునీళ్లలో వేస్తే ఏమీ కాదు, బేరియం నీళ్లలో వేస్తే తెల్లగా విరుగుతుంది. ఆమ్లం తాళం వెనక ఉంది. తాళంచెవి తాళంకప్ప జేబులో ఉంది.

నవసాగరం గరాటుల లోపల తెల్లటి నూగులా పట్టేసింది. కొందరు అప్పుడే దాన్ని గోకి పక్కన పెట్టి, మిగిలిన పొడిలో నీళ్లు పోసి గాజుకడ్డీతో తిప్పుతున్నారు. వడపోత కాగితాలు నాలుగు మడతలు పడుతున్నాయి. చుక్క, చుక్క, చుక్క. కిటికీ పక్క అక్క కూతురు మణికట్టు వెనక వైపుతో కళ్లజోడు పైకి తోసుకుంది, అచ్చం తనలాగే. ఆ పిల్ల అన్నీ తనలాగే చేస్తుంది. అక్క ఆస్పత్రి డ్యూటీలు రాత్రీ పగలూ తెలియని డ్యూటీలు, అందుకని పిల్ల ఇక్కడే పెరిగింది, తన నడక నేర్చుకుంది, తన విసుగు నేర్చుకుంది, కూర పొయ్యి మీద ఉండగానే వేలితో ఉప్పు చూడటం నేర్చుకుంది. "నా దగ్గర ఉన్నప్పుడు నర్సులా బతుకుతుంది, చేతులు కడుగుతూ. నీ దగ్గరికొచ్చిందంటే అన్నీ నాకి చూస్తుంది," అని అక్క నవ్వుతుంది. నవ్వి, "నీ దగ్గరుంటే నాకు బెంగలేదే," అంటుంది. బెంగలేదు. బేరియం ఒంట్లో చేరితే కండరాల్ని పట్టేస్తుంది. గుండె కూడా కండరమే. చిటికెడు ఏం చేస్తుంది? వేలికి అంటినంత ఏం చేస్తుంది? వాంతులు, కడుపులో మెలిక. ప్రాణం తియ్యకపోవచ్చు. తియ్యకపోవచ్చు అనే మాట మీద ఎంతసేపు కూర్చుంటుంది తను, ఈ స్టూలు మీద? కొందరు వేలు కాదు, గిన్నెనే ఎత్తి నాలుకతో తాకుతారు, వెనక బల్లలో అందరూ గెడకర్ర అని పిలిచే పొడుగువాడు ఎప్పుడూ అంతే, ఆకలి పిల్లాడు, ఏదైనా కొంచెం ఎక్కువే తీసుకుంటాడు.

తనకి నేర్పిన మాస్టారు కూడా రుచి చూసేవాడు. గిన్నె ఎండగానే వేలు తడిచేసి ఒక గింజ నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుని, "ఎక్కడికీ పోలేదర్రా, ఇక్కడే ఉంది," అనేవాడు. నీళ్లలో కరిగి కనబడకుండా పోయినది మళ్లీ నాలుక మీదికి రావడం ఆమెకి చిన్నప్పుడు గారడీలా ఉండేది. ఆ గారడీ కోసమే కెమిస్ట్రీ చదివింది. టీచరయ్యాక పుస్తకంలో రుచి చూడొద్దని ఉన్న వాక్యాన్ని చదివించి మరీ, "ఇది మాత్రం మన ఉప్పే, మన చేత్తో కలిపిందే," అని రుచి చూపించేది. పిల్లలు ఎగబడేవారు. మన చేత్తో కలిపిందే. ఆ చెయ్యే ఇప్పుడు ఒళ్లో చెమట పట్టి ఉంది.

చుక్కలు ఆగాయి. గిన్నెలు పొయ్యిల మీదికెక్కాయి. నీలంమంటలు వరసగా. మంట, అవును, మంట ఉందిగా! సోడియం మంటలో పడితే పసుపు, బేరియం పడితే లేతాకుపచ్చ. కేంద్రకం చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్‌కి వేడి తగలగానే పై కక్ష్యకి ఎగురుతుంది, అక్కడ నిలవలేక కిందికి పడుతుంది, పడేటప్పుడు తన రంగు తను ఒప్పుకుంటుంది. ఒక్కో మూలకానికీ ఒక్కో రంగు, అబద్ధమాడటం చేతకాదు దానికి. ఏదో ఒక గిన్నె పొంగాలి, ఒక్క చుక్క అంచు దాటి మంటలో పడాలి. ఆమె కళ్లార్పకుండా చూసింది. బుడగలు లేస్తున్నాయి, అంచు దాకా వస్తున్నాయి, దిగిపోతున్నాయి. పొంగు, పొంగు. మధ్య బల్లలో ఒక పిల్ల పట్టకారుతో గిన్నెని తట్టింది, చిందింది, నీలంమంట ఒక్క క్షణం భగ్గున పసుపైంది. పసుపు! బంగారంలాంటి, సెనగపిండిలాంటి పసుపు. ఊపిరి మొత్తం వదిలేసింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వొచ్చింది కూడా, సైరన్ మేడమ్, మళ్లీ కొంప ముంచేదానివి. ఉప్పే. ఉప్పేగా.

ఆ ఊపిరి మళ్లీ లోపలికి పోకముందే ఆమె లోపలున్న టీచరు లేచి నిలబడింది. పసుపు అంటే ఏమిటి? సోడియం ఉందని. అంతే. వేలి చెమటలో సోడియం ఉంటుంది, గిన్నె పింగాణీలో ఉంటుంది, గాలి దుమ్ములో ఉంటుంది, రవ్వంత ఉంటే చాలు, దాని పసుపు మిగతా రంగులన్నిటినీ మింగేస్తుంది. అందుకే నీలిగాజు ముక్క అడ్డం పెట్టుకుని చూడమని తనే ప్రతి ఏడూ గొంతు చించుకుంటుంది. పసుపు కనబడితే సోడియం ఉందని తెలుస్తుంది, బేరియం లేదని తెలియదు. అంటే తనకి ఇప్పుడు ఎంత తెలుసు? ఇందాక ఎంత తెలుసో అంతే. ఉన్న ఒక్క ఆధారమూ ఖర్చయిపోయింది, గిన్నెల్లో నీళ్లు తగ్గిపోయాయి.

ఈ గది మధ్యలో ఒక ఆవగింజ పెట్టి అది కేంద్రకం అనుకోండి, అని చెబుతుంది క్లాసులో, ఎలక్ట్రాన్ ఆ వీధి చివర ఎక్కడో తిరుగుతుంటుంది, మధ్యలో ఏమీ లేదు, ఖాళీ, మనమంతా ఖాళీయే, ఈ బల్లా ఖాళీయే. ఇంత ఖాళీ గదిలో నాలుగడుగులు అవతలికి వెయ్యలేకపోతోంది. ఎలక్ట్రాన్ ఈ కక్ష్యలో ఉంటుంది, లేకపోతే ఆ కక్ష్యలో ఉంటుంది, మధ్యలో నిలబడటానికి దానికి చోటు లేదు. మరి తనేం చేస్తోంది, ఇంతసేపూ మధ్యలో నిలబడి? ఖాయమయ్యేదాకా ఆగుదామనుకుంటోంది. ఖాయమయ్యేది ఎప్పుడు? ఒక పిల్లాడు కడుపు పట్టుకుని వంగిపోయినప్పుడు. అప్పుడు భయానికీ తెలిసినదానికీ మధ్య తేడా బాగా విడిపోతుంది, ఇసుకా ఉప్పూ విడిపోయినట్టు.

గెడకర్ర చెయ్యెత్తాడు. "సార్, ఎండిపోయింది సార్. రుచి చూడొచ్చా?"

తాళంకప్ప ఏదో రాసుకుంటున్నాడు. తలెత్తలేదు. "మీ మేడమ్ ఎలా నేర్పితే అలా చెయ్యండి."

పిల్లలంతా ఒక్కసారి వెనక్కి తిరిగి ఆమెని చూశారు. చూసి నవ్వారు. ఆ నవ్వులో నమ్మకం తప్ప ఇంకేమీ లేదు. నోటితో తడిచేసుకున్న వేళ్లు గిన్నెల మీదికి వంగాయి.

"వద్దు!" ఆ గొంతు తనదేనని ఆమెకి తెలియలేదు. "ఎవరూ నోట్లో పెట్టకండి! వేళ్లు దూరం పెట్టండి, గిన్నెలు వదిలెయ్యండి, చేతులు పైకెత్తండి, అందరూ, ఒరేయ్ గెడకర్రా, నీకే, కింద పెట్టు!" గిన్నె నేల మీద పడి పగిలింది. స్టూలు ఎప్పుడు దిగిందో, బల్లల మధ్య ఎలా వచ్చిందో, వాడి దవడ పట్టుకుని నోరు తెరిపించి చూస్తోంది. "మింగావా?" "లేదు మేడమ్, ఇంకా నాలిక్కి తగల్లేదు," అన్నాడు వాడు, నోరు ఆమె వేళ్ల మధ్య ఉండగానే. కిటికీ వైపు తిరిగింది. అక్క కూతురి చూపుడువేలు పెదవుల ముందు ఉంది, దాని కొసన తెల్లటి పొడి. "పెట్టుకున్నావా?" "లేదు." "నిజం చెప్పవే!" "ఒట్టు పిన్నీ. కాలుతోందని ఊదుతున్నా." ఊదుతోందట. నాలుక చాపించి చూసింది, వేలిని తన చీర కొంగుతో తుడిచింది, తుడిచిన కొంగుని దూరంగా మడిచింది.

"మేడమ్! ఏమిటిది?" పరిశీలకుడు లేచి నిలబడ్డాడు. ముఖం ఎర్రగా ఉంది.

"సార్, నేను పొద్దున తప్పు సీసా తీశానేమో. ఇది ఉప్పు కాకపోవచ్చు. విషం కావచ్చు."

"కావచ్చా? ఖాయమా?"

"ఖాయం కాదు."

"ఖాయం కాకుండానే పరీక్ష ఆపేశారా?"

"ఆపేశాను సార్."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఏం కనబడిందో గాని, జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీశాడు. తాళం తెరుచుకుంది. లోపల పై అరలో రెండు సీసాలూ పక్కపక్కన కూర్చుని ఉన్నాయి, ఏమీ ఎరగనట్టు. ఆమె వాటిని ముట్టుకోలేదు, ఆమ్లం సీసా తెచ్చింది. అక్క కూతురు వడపోసిన నీళ్లు బీకరు అడుగున కాస్త మిగిలున్నాయి, తేటగా, తాగాలనిపించేలా. పిల్లలు చేతులు ఇంకా పైకెత్తుకునే చుట్టూ మూగారు. ఒక్క చుక్క వేసింది. చుక్క పడిన చోట తెల్లటి పొగమబ్బులాంటిది పుట్టింది, కిందికి జారుతూ విచ్చుకుంది, నీళ్లన్నీ తెల్లబడ్డాయి.

"అంటే?" అన్నాడు లెక్కల ఆయన మెల్లిగా.

"అంటే ఉప్పు కాదు సార్."

ఆయన కుర్చీలో కూలబడలేదు, కేకలు వెయ్యలేదు. ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్లి, ఎటు తిప్పితే ఆరుతుందో ముందు వంగి చూసుకుని, ఒక్కో మంటా ఆర్పుకుంటూ వచ్చాడు. ఆమె పిల్లల్ని సింకు దగ్గర వరస కట్టించి, ఒక్కొక్కరి చెయ్యీ తన చేతుల్లోకి తీసుకుని, గోళ్ల సందుల్లోకి సబ్బు పోయేలా రుద్ది కడగడం మొదలుపెట్టింది. "నాలుక చూపించు. పుక్కిలించి ఉమ్మెయ్. మింగకు." వరండాలో హెడ్ మిస్ట్రెస్ చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది. "మేడమ్, మరి మా మార్కులు?" అంది వరసలోంచి ఒక గొంతు. ఎవరో "ఛీ, నోర్ముయ్యవే," అన్నారు.

"మార్కుల సంగతి నేను చూసుకుంటా. అందరికీ మళ్లీ పెట్టిస్తాను," అన్నాడు పరిశీలకుడు, ఆఖరి మంట ఆర్పి ఆమె పక్కకొచ్చి నిలబడుతూ. గొంతు తగ్గించాడు. "మీ సంగతి మాత్రం నా చేతుల్లో లేదు మేడమ్. ఏం జరిగిందో జరిగినట్టు చెప్పాలి నేను."

"చెప్పండి సార్," అని ఆమె తరవాతి చెయ్యి అందుకుని కుళాయి కిందికి లాగింది.